మంచు ఆగిన మర్నాడే అసలు ప్రమాదం

2022 అక్టోబర్ 4 ఉదయం ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డండా-2 శిఖరం మీద నెహ్రూ పర్వతారోహణ సంస్థ బృందం మంచు చరియల్లో చిక్కుకుంది. అడ్వాన్స్‌డ్ కోర్సు చదువుతున్నవాళ్లు, వాళ్లకు నేర్పుతున్న శిక్షకులు కలిసి 5,670 మీటర్ల ఆ శిఖరానికి దగ్గర్లో ఉన్నారు. జారిన మంచు వాళ్లను తోసుకుపోయి కిందనున్న లోతైన మంచు పగులులో పడేసింది. 27 మృతదేహాలు దొరికాయి. మరో ఇద్దరి ఆచూకీ దొరకలేదు. చనిపోయిన శిక్షకుల్లో సవితా కాంస్వాల్ ఒకరు. అదే ఏడాది మే నెలలో 16 రోజుల తేడాతో ఎవరెస్ట్, మకాలు శిఖరాలు రెండూ ఎక్కిన ఉత్తరకాశీ అమ్మాయి ఆమె. అంత అనుభవం ఉన్నవాళ్లు కూడా ఆ ఉదయం బయటపడలేకపోయారు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా "ప్రకృతి ముందు మనిషెంత" అనే మాట వినిపిస్తుంది. ఆ మాటలో ఓదార్పు ఉంది, సమాచారం మాత్రం లేదు. మంచు చరియలు ఎలాంటి వాలుల్లో పడతాయో, ఎలాంటి వాతావరణం తర్వాత పడతాయో దశాబ్దాలుగా కొలుస్తూనే ఉన్నారు. ఫలానా వాలు ఫలానా నిమిషంలో జారుతుందని ఎవరూ చెప్పలేరు. కానీ ఈ రెండు మూడు రోజులు ఈ ఎత్తు దాటి, ఈ దిక్కున ఉన్న వాలుల్లోకి వెళ్లొద్దని చెప్పగలరు. చాలాసార్లు ప్రాణం నిలబడడానికి ఆ మాత్రం సరిపోతుంది. ద్రౌపదీ కా డండా ప్రమాదానికి మూడు రోజుల ముందు, అక్టోబర్ 1న, కేదార్‌నాథ్ వెనకనున్న కొండల్లో పెద్ద మంచు చరియ జారింది. సెప్టెంబర్‌లోనూ అక్కడ ఒకటి జారింది. నష్టం జరగలేదు కాబట్టి జనం వీడియోలు చూసి మర్చిపోయారు. ఆ రెండు కొండలూ పక్కపక్కన లేవు, ఒకదాన్ని బట్టి ఇంకోదాని సంగతి తేల్చేయలేం. అయినా అదే ప్రాంతంలో ఈ మధ్యే చరియలు జారాయంటే అంతకన్నా గట్టి హెచ్చరిక ఉండదని ఈ పని తెలిసినవాళ్లు ఎవరైనా చెబుతారు.

కొండ మీది మంచు ఒకే ముద్దగా ఉండదు. పడిన ప్రతిసారీ ఒక పొర ఏర్పడుతుంది. ఆ పొరను ఎండ, గాలి, చలి మారుస్తూ పోతాయి. కొన్ని పొరలు గట్టిపడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. కొన్ని అతుక్కోవు. గట్టి పొర పైన, అతుక్కోని పొర కింద ఉన్నప్పుడే అసలు గొడవ. పైనున్న గట్టి మంచు పలకను కింది బలహీన పొర కొంతకాలం మోస్తుంది. ఎక్కడో ఒకచోట ఆ పొర విరిగితే పగులు క్షణాల్లో వాలు అడ్డంగా పాకిపోతుంది. వందల మీటర్ల వెడల్పున పలక మొత్తం ఒకేసారి తెగి జారుతుంది. కొన్ని సెకన్లలోనే గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. పైనుంచి వదులుగా రాలే మంచు కూడా మనుషుల్ని పడేస్తుంది కానీ, పర్వతారోహకుల్ని ఎక్కువగా చంపేది ఈ పలక జారడమే. పలక మధ్యలో నిలబడిన మనిషికి తప్పుకునే చోటు ఉండదు, ఎందుకంటే పగులు తన తల పైన, చాలా దూరంలో పడుతుంది.

బలహీన పొర ఎలా తయారవుతుందో తెలిస్తే హిమాలయాల సంగతి సగం అర్థమవుతుంది. మంచు కింద నేల ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. పైన రాత్రివేళ మైనస్ 20కి పడిపోయిందనుకుందాం. మంచు 2 మీటర్ల మందం ఉంటే ప్రతి 10 సెంటీమీటర్లకు 1 డిగ్రీ తేడా. అదే మంచు అర మీటరే ఉంటే 10 సెంటీమీటర్లకు 4 డిగ్రీల తేడా. ఈ తేడా 1 డిగ్రీ దాటితే మంచు లోపల నీటి ఆవిరి కింది నుంచి పైకి కదులుతూ రేణువుల ఆకారాన్ని మార్చేస్తుంది. కొద్ది రోజుల్లో అడుగున ఉన్న మంచు పంచదార పలుకుల్లా విడివిడిగా అయిపోతుంది. గుప్పిట్లో ఎంత పిసికినా ముద్ద కట్టదు. అంటే తక్కువ మంచు, బాగా చలి ఉన్న చోటే పునాది బలహీనంగా ఉంటుంది. మంచు తక్కువ ఉంది కాబట్టి ప్రమాదం కూడా తక్కువే అనుకోవడం తెలియనివాళ్లు చేసే పెద్ద పొరపాటు.

పీర్ పంజాల్ లాంటి దిగువ శ్రేణుల్లో మంచు దట్టంగా, తడిగా పడుతుంది. పడిన వెంటనే ప్రమాదం తీవ్రంగా ఉంటుంది, కొన్ని రోజుల్లో కుదురుకుంటుంది. లదాఖ్, కారకోరం వైపు మంచు పలచగా పడుతుంది, చలి విపరీతం. అక్కడ బలహీన పొర వారాల తరబడి అలాగే ఉండిపోతుంది. కాబట్టి పీర్ పంజాల్‌లోని గుల్‌మార్గ్‌లో రెండు రోజులు ఆగి బతికినవాడు అదే లెక్కతో లదాఖ్‌లో నడిస్తే కుదరదు. 2024 జనవరిలో గుల్‌మార్గ్‌లో దాదాపు మంచే లేదు. స్కీయింగ్‌కు వచ్చినవాళ్లు ఖాళీ కొండలు చూసి వెనక్కి వెళ్లారు. ఫిబ్రవరిలో ఒక్కసారిగా భారీగా కురిసింది. ఫిబ్రవరి 22న ఖిలన్‌మార్గ్ దగ్గర చరియ జారి ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. ముందు కరువు, తర్వాత కుంభవృష్టి అన్న వరసలో వచ్చే చలికాలాలను ఏ దేశంలోనైనా మంచు నిపుణులు భయంగానే చూస్తారు.

ఇక గాలి. మంచు పడడం ఆగిపోయి ఆకాశం నీలంగా మెరుస్తున్నా గాలి పని చేస్తూనే ఉంటుంది. గట్టి గాలి కొండకు ఒకవైపున్న మంచును ఎత్తి అవతలి వైపు పోస్తుంది. ఆకాశం నుంచి పడేదానికన్నా ఎన్నో రెట్లు వేగంగా ఆ వాలులో మంచు పేరుకుంటుంది. శిఖరపు అంచున బయటికి వేలాడే మంచు చూరు కనిపిస్తే, దాని కింది వాలు గాలి మోసుకొచ్చిన మంచుతో బరువెక్కి ఉందని గుర్తు. మంచు ఆగిన మర్నాడు మనుషుల్ని మోసం చేసేది ఇదే. ఎండ కాస్తుంది, ఫొటోలు అద్భుతంగా వస్తాయి, టెంట్లలో ఇరుక్కున్నవాళ్లంతా ఒకేసారి బయటికొస్తారు. మంచు లోపల మాత్రం కొత్త బరువుకు పాత పొరలు ఇంకా సర్దుకోలేదు.

వాలు కోణం గురించి కూడా ఒక మాట. పలక చరియల్లో అత్యధికం 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్న వాలుల్లోనే మొదలవుతాయి. 25 డిగ్రీల లోపు వాలులో పలక జారడం చాలా అరుదు. 60 డిగ్రీల్లో మంచు పేరుకోకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. బాధ ఏంటంటే స్కీయర్లకు మజా ఇచ్చేవి, పర్వతారోహకులకు సులువుగా తోచేవి ఈ మధ్య కోణాలే. కోణాన్ని ఫోన్‌లో యాప్‌తో కొలవొచ్చు, కంటి అంచనాను నమ్మకూడదు. తాము నిలబడిన చోటు చదునుగా ఉన్నంత మాత్రాన సరిపోదు, పైనేముందో కూడా చూడాలి. పైన వాలు ఉంటే అక్కడ తెగిన మంచు లోయ అడుగుదాకా, ఒక్కోసారి ఎదుటి ఒడ్డు మీదికి కూడా వస్తుంది.

ప్రాణాలు తీసిన చరియల లెక్కలు తీస్తే పదింటిలో సుమారు తొమ్మిది, అందులో చిక్కుకున్న మనిషో అతని జట్టులోవాళ్లో కదిలించినవే అని యూరప్, అమెరికా అనుభవం చెబుతోంది. ఇది కొండ ఎక్కేవాళ్లకు, స్కీయర్లకు సంబంధించిన లెక్క. రోడ్ల మీద, ఊళ్ల మీద పడేవాటి సంగతి వేరు. 2005 ఫిబ్రవరిలో కశ్మీర్‌లోని వాల్టెంగూ నార్‌లో ఇళ్లల్లో ఉన్నవాళ్లు 170 మందికి పైగా చనిపోయారు. వాళ్లు చేసిన తప్పేమీ లేదు. కానీ సరదా కోసమో సాహసం కోసమో వెళ్లినవాళ్ల విషయంలో వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం ఎక్కువసార్లు వాళ్ల చేతిలోనే ఉంటుంది.

హిమాలయాలకు శీతాకాలపు మంచు ప్రధానంగా పడమటి నుంచి వస్తుంది. మధ్యధరా ప్రాంతం వైపు నుంచి వచ్చే వాతావరణ అలజడులు డిసెంబర్ నుంచి మార్చి దాకా ఒకదాని వెంట ఒకటి కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్ని తాకుతుంటాయి. ఇవి వచ్చే సంగతి నాలుగైదు రోజుల ముందే వాతావరణ శాఖ చెబుతుంది. ఇంకో దారి బంగాళాఖాతం. మనకు ఆ దారి బాగా తెలుసు కానీ అది హిమాలయాల దాకా వెళ్తుందని ఎక్కువమందికి తట్టదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్లెవరూ దాన్ని మర్చిపోలేరు. తీరం దాటాక తుపాను బలహీనపడింది కానీ దాని తేమ ఎక్కడికీ పోలేదు. ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ మీదుగా ఉత్తరానికి కదిలి రెండు రోజుల్లో నేపాల్ కొండలకు చేరింది. అక్టోబర్ 14న అన్నపూర్ణ ప్రాంతంలో మీటరుకు పైగా మంచు కురిసింది. అక్టోబర్ అంటే నేపాల్‌లో ట్రెక్కింగ్‌కు మంచి సీజన్. 5,416 మీటర్ల తొరోంగ్ లా కనుమ దాటుతున్నవాళ్లు మంచు తుపానులో దారి కనపడక కూలిపోయారు. ధౌలగిరి బేస్ క్యాంపు వైపు, మనాంగ్ వైపు చరియలు జారాయి. మొత్తం మీద 43 మంది చనిపోయారు. ట్రెక్కర్లే కాదు, సామాను మోసేవాళ్లు, యాక్‌లు కాసుకునేవాళ్లు కూడా అందులో ఉన్నారు. తుపాను విశాఖను తాకేటప్పటికి నేపాల్‌కు రెండు రోజుల సమయం ఉంది. ఆ వార్త కనుమ కింద లాడ్జీల్లో పడుకున్నవాళ్లకు చేరలేదు.

ఇది ఒక్కసారి జరిగిన వింత కాదు. 1995 నవంబర్‌లోనూ బంగాళాఖాతపు తుపాను మోసుకెళ్లిన మంచుకు ఎవరెస్ట్ ప్రాంతంలోని గోక్యో లోయలో చరియ పడి, పంగా అనే చోట 13 మంది జపాన్ ట్రెక్కర్లు, వాళ్ల వెంట ఉన్న నేపాలీ సిబ్బంది చనిపోయారు. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను ఆంధ్ర తీరం దాటిన తర్వాతి రోజుల్లో నేపాల్ ఎత్తు ప్రాంతాల్లో భారీగా మంచు పడింది. నవంబర్ 3న యాలుంగ్ రి శిఖరం దగ్గర చరియ జారి ఏడుగురు చనిపోయారు. అక్టోబర్, నవంబర్ నెలల్లో నేపాల్ వెళ్లే తెలుగువాళ్లు విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్‌ను తమ ట్రెక్‌కు కూడా హెచ్చరికగానే తీసుకోవాలి. ఇంటి దగ్గర గాలివాన ముగిసిందని ఊపిరి పీల్చుకునే సమయానికే అక్కడ మొదలవుతుంది.

వాతావరణంతో పెద్దగా పని లేని చరియలు కూడా ఉన్నాయి. కొండ మీద వేలాడే హిమానీనదపు ముక్క విరిగి పడితే అది మంచు చరియ కాదు, ఐసు చరియ. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ దక్షిణ దారిలోని ఖుంబు ఐస్‌ఫాల్‌లో అలాంటి ముక్క పడి 16 మంది నేపాలీ పనివాళ్లు చనిపోయారు. ఆ దారిలో ఆ సీజన్ దాదాపు అక్కడితో ముగిసింది. అప్పటికి టిబెట్ వైపు నుంచి ఎక్కుతున్న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మే 25న శిఖరం చేరారు. ఐసు ఎప్పుడు విరుగుతుందో ఏ పరీక్షా చెప్పదు. దాని కింద గడిపే సమయాన్ని తగ్గించుకోవడం ఒక్కటే మార్గం. మరుసటి ఏడాది ఐస్‌ఫాల్‌లో దారిని పడమటి భుజం కింద నుంచి తప్పించి మధ్యకు మార్చారు.

పూడుకుపోతే ఎంత సమయం ఉంటుంది? 15 నిమిషాల్లోపు తవ్వి తీస్తే పదిమందిలో సుమారు తొమ్మిది మంది బతుకుతారని యూరప్ లెక్కలు చాలాకాలం చెప్పాయి. స్విట్జర్లాండ్‌లో చేసిన కొత్త విశ్లేషణ ఆ గడువును 10 నిమిషాలకు తగ్గించింది. అరగంట దాటితే పదిమందిలో ముగ్గురు మిగలడం కష్టం. చరియ ఆగిన మరుక్షణమే మంచు గట్టిపడి వేలు కూడా కదలనివ్వదు. విడిచిన గాలే మళ్లీ పీల్చుకుంటూ ఊపిరాడక చనిపోతారు. రాళ్లకు, చెట్లకు కొట్టుకుని పోయేవాళ్లు వేరే. కాబట్టి హెలికాప్టర్ వచ్చేది ఎక్కువసార్లు శవాల కోసమే. కాపాడగలిగేది పక్కన మిగిలిన స్నేహితులు మాత్రమే, అదీ వాళ్ల దగ్గర మూడు వస్తువులుంటేనే. ఒంటికి కట్టుకునే బీకన్ (457 కిలోహెర్ట్జ్ సిగ్నల్ ఇస్తుంది, వెతుకుతుంది), మంచులో గుచ్చి చూసే పొడవాటి ప్రోబ్, పార. ఒక్కరి దగ్గర ఉంటే చాలదు, అందరి దగ్గరా ఉండాలి, అందరికీ వాడడం వచ్చి ఉండాలి.

గాలి దొరికితే లెక్క మారుతుంది. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ పోస్టు మీద ఐసు గోడ కూలి మద్రాస్ రెజిమెంట్ సైనికులు పదిమంది పూడుకుపోయారు. వాళ్లలో కర్నూలు జిల్లాకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ కూడా ఉన్నారు. కర్ణాటకకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప ఒక్కరే ఆరు రోజుల తర్వాత ప్రాణంతో దొరికారు. ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆస్పత్రిలో ఆయన కూడా కన్నుమూశారు. 2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ దగ్గర మాణాలో సరిహద్దు రోడ్ల సంస్థ శిబిరం మీద చరియ పడినప్పుడు 54 మంది కార్మికుల్లో 46 మంది బతికారు. చాలామంది ఉక్కు కంటైనర్లలో ఉండడం వాళ్లను కాపాడింది. ఎనిమిది మంది దక్కలేదు.

మాణా విషయంలో ఆలోచించాల్సింది ఇంకోటి ఉంది. మన దేశంలో మంచు చరియల హెచ్చరికలు ఇచ్చేది చండీగఢ్‌లోని డీజీఆర్ఈ (డిఫెన్స్ జియోఇన్ఫర్మాటిక్స్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్). రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ కింద పనిచేసే సంస్థ ఇది. పూర్వం మనాలీ కేంద్రంగా ఉన్న మంచు అధ్యయన సంస్థను 2020లో ఇందులో కలిపారు. చమోలీ జిల్లాలో 2,400 మీటర్లకు పైనున్న ప్రాంతాలకు ప్రమాదం ఉందని ఆ సంస్థ ముందురోజు సాయంత్రమే హెచ్చరించింది. మాణా ఎత్తు సుమారు 3,200 మీటర్లు. హెచ్చరిక ఉంది, కార్మికులు అక్కడే ఉన్నారు. జిల్లా పేరు, ఎత్తు మాత్రమే చెప్పే హెచ్చరిక చదివి ఒక శిబిరాన్ని ఖాళీ చేయించాలంటే, ఆ అధికారం ఎవరిదో ముందే రాసిపెట్టి ఉండాలి. స్విట్జర్లాండ్‌లో దావోస్ సంస్థ చలికాలంలో రోజూ సాయంత్రం 5 గంటలకు, మళ్లీ ఉదయం 8 గంటలకు బులెటిన్ ఇస్తుంది. ఏ దిక్కు వాలులు, ఏ ఎత్తు, ఏ రకం సమస్య అన్నది అందులో ఉంటుంది. కొండల్లో తిరిగే మామూలు మనిషి కూడా దాన్ని చదివే బయల్దేరతాడు. మన సంస్థ మొదట సైన్యం కోసం పుట్టింది, ఆ పని అది చేస్తోంది. ట్రెక్కర్లకు, కూలీలకు అర్థమయ్యే రూపంలో, అంత వివరంగా బులెటిన్ ఇవ్వడం ఇంకా జరగాల్సిన పని.

ఇలాంటి బులెటిన్లలో ప్రమాద స్థాయిని 1 నుంచి 5 దాకా చెబుతారు. చాలామంది 4, 5 చూస్తే ఆగిపోతారు. యూరప్‌లో ఎక్కువ మరణాలు జరిగేది 3 దగ్గర. మధ్యలో ఉంది కదా, పర్వాలేదన్న భావన కలుగుతుంది. నిజానికి 3 అంటే ఒక్క మనిషి బరువుకే వాలు తెగవచ్చని అర్థం. బులెటిన్ లేని చోట మంచే కొన్ని గుర్తులు ఇస్తుంది. అడుగు వేస్తే కింద ఏదో కూలినట్టు "వుమ్మ్" అని మోగడం, పాదం నుంచి పగులు ముందుకు పరుగెత్తడం, ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు మించి కొత్త మంచు, ఉన్నట్టుండి వేడెక్కడం. మొదటి రెండింటిలో ఏది కనిపించినా వచ్చిన దారినే తిరగాలి. అనుభవం ఉన్నవాళ్లు మంచులో గుంట తవ్వి 90 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతున్న దిమ్మె కోస్తారు. దాని ఒక చివర పార పెట్టి ముందు మణికట్టుతో, తర్వాత మోచేతితో, తర్వాత భుజం నుంచి పదేసి దెబ్బలు తడతారు. పగులు దిమ్మె ఈ చివర నుంచి ఆ చివర దాకా పాకితే వాలు కూడా అలాగే తెగవచ్చు. పాకకపోతే వాలు భద్రం అని మాత్రం అర్థం కాదు. పదడుగుల అవతల మంచు వేరుగా ఉండొచ్చు.

ఇంత తెలిసీ మనుషులు ఎందుకు వెళ్తారు? అమెరికా పరిశోధకుడు ఇయాన్ మెక్‌కామన్ పాత ప్రమాదాలను పరిశీలించి చెప్పిన కారణాలు తెలుగువాళ్లకూ వర్తిస్తాయి. తెలిసిన దారి కదా అనే ధీమా, ఇంతదూరం వచ్చాక తిరిగి వెళ్లడమా అనే పట్టుదల, ముందున్నవాడికి అన్నీ తెలుసన్న నమ్మకం, పక్క గుంపు వెళ్తోంది కదా అనే పోలిక. శిక్షణ ఉన్నవాళ్లు కూడా వీటికి అతీతులు కారు.

ఎనిమిది వేల మీటర్ల శిఖరాల శీతాకాలపు ఆరోహణ పూర్తిగా వేరే ఆట. అక్కడ గాలి, చలి ముందు చంపుతాయి. 1980 ఫిబ్రవరి 17న పోలండ్ వాళ్లు ఎవరెస్ట్‌ను చలికాలంలో మొదటిసారి ఎక్కారు. కే2కి ఆ రోజు రావడానికి 2021 జనవరి 16 దాకా పట్టింది. పదిమంది నేపాలీలు కలిసి ఎక్కారు. అంతకుముందు దశాబ్దాల పాటు జట్లు నెలల తరబడి గాలి తగ్గే రోజు కోసం చూసి, రాక, వెనక్కి వెళ్లాయి. వెనక్కి వెళ్లిన ఆ జట్లను పెద్దగా ఎవరూ తలుచుకోరు, తలుచుకోవాలి. నెల్లూరు జిల్లా నుంచి వెళ్లి ఏడు ఖండాల శిఖరాలు ఎక్కిన మల్లి మస్తాన్‌బాబు 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ వాతావరణం తిరగబడి చనిపోయారు. అక్కడ అది వేసవి ముగిసే కాలం.

హైదరాబాద్, విజయవాడల నుంచి డిసెంబర్ సెలవుల్లో, సంక్రాంతికి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ, బ్రహ్మతాల్ ట్రెక్కులకు వెళ్లే యువత ఇప్పుడు చాలా ఎక్కువ. ఈ దారులు ఎక్కువ భాగం అడవిలోనూ కొండ వెన్ను మీదా సాగుతాయి కాబట్టి మిగతావాటితో పోలిస్తే నయం. మే, జూన్‌లలో వెళ్లే రూపిన్ పాస్ లాంటి చోట్ల చివర్లో నిటారు మంచు వాలు ఉంటుంది. తెల్లవారుజామునే దాటించేది అందుకే, ఎండ పడ్డాక తడిసిన మంచు జారుతుంది. హిమాచల్‌లో చెట్ల కాండాల్లోని వలయాలను చదివి 2018లో ప్రచురించిన పరిశోధన, వేడి పెరుగుతున్న కొద్దీ ఇలాంటి తడి చరియలు ఎక్కువయ్యాయని తేల్చింది.

ఈ ట్రెక్కుల అసలు బలహీనత షెడ్యూలులో ఉంది. ఆరు రోజుల ప్యాకేజీ, ఆరో రోజు రాత్రి డెహ్రాడూన్ నుంచి రైలు, మర్నాడు ఆఫీసు. మూడో రోజు భారీగా మంచు పడితే నాలుగో రోజు ఆగడానికి అందులో చోటే లేదు. కాబట్టి గుంపు సరిగ్గా నడవకూడని రోజున నడుస్తుంది. డబ్బు కట్టే ముందు నిర్వాహకులను ఫోన్‌లో అడగాల్సినవి ఇవే: అదనపు రోజు ప్లాన్‌లో ఉందా, మంచు పడితే ఏ చోటు నుంచి వెనక్కి తిప్పుతారు, ఆ నిర్ణయం ఎవరిది, శిఖరం చేరకుండా తిప్పినందుకు గైడ్ జీతంలో కోత పడుతుందా, నిటారు మంచు వాలు దాటే ట్రెక్ అయితే అందరికీ బీకన్లు ఇస్తారా. జవాబు తడబడితే ఇంకొకరిని చూసుకోవచ్చు. తిరుగు టికెట్‌ను మాత్రం ఒక రోజు ఆలస్యంగా మనమే బుక్ చేసుకోవాలి, అది ఏ నిర్వాహకుడూ మన కోసం చేయడు.